లింకు వెనక లెక్కుంది!

'ఈ ప్యాంటు బాగుంది, తీసుకోండి' అంటూ ఫోన్లో ఓ మాట. దాని కింద నీలం రంగులో ఓ లింకు. దాన్ని నొక్కి ఎవరైనా కొన్నారా... పంపినవాళ్ల ఖాతాలో కమీషన్ పడిపోతుంది! పెట్టుబడి లేదు, సరుకు లేదు, దుకాణం అద్దె లేదు. మరి ఆ లింకును ఎలా ఇవ్వాలి? దొంగల బారినపడకుండా ఎలా కాపాడుకోవాలి? నొక్కేవాళ్లు ఏం చూసుకోవాలి?

రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లకి పీసుకింత అని లెక్క. బట్ట కత్తిరించేవారికో రేటు, కుట్టేవారికో రేటు, కాజాలు తీసి గుండీలు వేసేవారికో రేటు, ఇస్త్రీ చేసి మడత పెట్టేవారికో రేటు. సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని బళ్లారి జీన్స్ వ్యాపారంతో ముడిపడ్డ ఊరిది. వాన కోసం ఆకాశం వైపు చూసీ చూసీ మెడలు నొప్పెట్టే అనంతపురం జిల్లాలో, వేరుశనగ ముంచేసిన ఏడాది కూడా ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఆ కుట్టుమిషనే.

ఆ ప్యాంటు మీద ఇప్పుడు ఇంకో చెయ్యి కూడా పడుతోంది. అది కత్తిరించదు, కుట్టదు, కనీసం మడత కూడా పెట్టదు. 'ఇదిగో, ఇక్కడ దొరుకుతుంది' అని వేలెత్తి చూపిస్తుంది. అంతే! ఆ చూపించినందుకు ఆన్‌లైన్ దుకాణం ధరలో కొంత శాతం తీసిస్తుంది. దాని పేరే అఫిలియేట్ మార్కెటింగ్. వేలెత్తి చూపించే ఆ లింకు పేరు అఫిలియేట్ లింకు.

వినడానికి ఎంత సులువుగా ఉందో! కానీ కుట్టేవాడికి మిషన్ పెట్టుబడి అయితే, చూపించేవాడికి మాటే పెట్టుబడి. మిషన్ చెడిపోతే మెకానిక్ వస్తాడు. మాట చెడిపోతే... బాగుచేసే మెకానిక్ ఇంకా పుట్టలేదు. ఈ వ్యాపారంలో అసలు కథంతా అక్కడే ఉంది.

తోక చూస్తే తెలుస్తుంది

ఇంతకీ ఆ లింకు పనిచేసేదెలా?

రాయదుర్గంలో డిగ్రీ చదివిన ఓ అమ్మాయి ఉందనుకుందాం. ఇంట్లో అందరూ జీన్స్ పనిలోనే ఉన్నారు కాబట్టి బట్ట చేత్తో పట్టుకోగానే అది ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పేయగలదు. కుట్టు చూసి, జిప్పు లాగి చూసి, 'ఇది ఉతికితే రంగు పోతుంది, అది పోదు' అని తేల్చేస్తుంది. ఆ తెలివినే చిన్న వీడియోలుగా తీసి పెట్టాలనుకుంది. అమెజాన్ వంటి సంస్థ నడిపే అఫిలియేట్ కార్యక్రమంలో పేరు నమోదు చేసుకుంది. ఆమెకో గుర్తింపు పేరు ఇస్తారు. దాన్నే ట్యాగ్ అంటారు. ఆమె ఏ వస్తువు లింకు తీసుకున్నా దాని తోకలో ఆ ట్యాగ్ ఉంటుంది. పెళ్లిలో చదివింపుల కవరు మీద పేరు రాసినట్టన్నమాట. కవరు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లినా, చివరికి పద్దు రాసేవాళ్లకి ఎవరిదో తెలిసిపోతుంది.

ఎవరైనా ఆ లింకు నొక్కగానే వాళ్ల ఫోన్లోనో కంప్యూటర్లోనో ఓ చిన్న చీటీ చేరుతుంది. 'ఈ మనిషిని పంపింది ఫలానా ట్యాగ్' అని అందులో రాసి ఉంటుంది. ఆ చీటీ పేరే కుకీ. నెట్‌స్కేప్ సంస్థలో పనిచేసిన లూ మాంటుల్లీ 1994లో దీన్ని తయారుచేశాడు. చీటీకీ గడువుంటుంది. అమెజాన్‌లో ఆ గడువు 24 గంటలు. ఆ లోపు కొంటే కమీషన్ వస్తుంది. ఆ లోపు బుట్టలో వేసుకుంటే మాత్రం గడువు 90 రోజులకు పెరుగుతుంది.

వెయ్యి రూపాయల ప్యాంటుకు 5 శాతం కమీషన్ అనుకుంటే 50 రూపాయలు. శాతం అన్నిటికీ ఒకటే కాదు. ఫోన్లకో లెక్క, బట్టలకో లెక్క, వంటింటి సామాన్లకో లెక్క. దాన్ని మార్చే అధికారం కూడా పూర్తిగా సంస్థదే. కొన్నాయన వెనక్కి పంపేస్తే వచ్చిన కమీషనూ వెనక్కే. బట్టల వ్యాపారంలో 'సైజు సరిపోలేదు' అనేది మామూలే కాబట్టి, నెల మధ్యలో కనిపించే అంకె నెలాఖరుకు తగ్గిపోవడమూ మామూలే.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో విలియం టోబిన్ 1989లోనే ప్రాడిజీ అనే కంప్యూటర్ నెట్‌వర్క్‌లో పూల దుకాణం తెరిచి, అమ్మకానికింత అని కమీషన్ లెక్క మొదలుపెట్టాడు. అమెజాన్ 1996లో తన అసోసియేట్స్ కార్యక్రమం ప్రారంభించాక ఇది ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 2015లో మొదలైన మీషో, తొలిరోజుల్లో గృహిణుల చేత వాట్సాప్‌లో చీరలూ కుర్తీలూ అమ్మించింది. అయితే అది కొంచెం వేరు. అక్కడ అమ్మేవాళ్లు తమ లాభాన్ని ధరకు కలుపుకునేవారు. అఫిలియేట్ లింకులో కొనేవారి ధర మారదు, కమీషన్ దుకాణం జేబులోంచి వస్తుంది. 2024 అక్టోబరులో యూట్యూబ్ కూడా ఫ్లిప్‌కార్ట్, మింత్రాలతో కలిసి మన దేశంలో ఈ పద్ధతి తెచ్చింది. అప్పటినుంచీ వీడియో పక్కనే వస్తువు, దాని పక్కనే ధర!

పేరయ్య చెప్పే నీతి

మన ఊళ్లకు కమీషన్ కొత్తేం కాదు. వేరుశనగ మండీలో కమీషన్ ఏజెంటున్నాడు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం కుదిర్చే దళారీ ఉన్నాడు. అందరికంటే ముందు పెళ్లిళ్ల పేరయ్య ఉన్నాడు. 'కుర్రాడు బంగారం, అలవాట్లేం లేవు' అని పేరయ్య చెబితే ఇంట్లోవాళ్లు వింటారు. కాఫీ కూడా ఇస్తారు. కానీ ఆ మాటలో ఎంత తగ్గించుకోవాలో అంత తగ్గించుకునే వింటారు. ఎందుకంటే సంబంధం కుదిరితే ఆయనకింత ముడుతుందని అందరికీ తెలుసు.

అదే మాట సొంత మేనమామ చెప్పాడనుకోండి. తగ్గించుకోవడం ఉండదు. పూర్తిగా నమ్ముతారు. ఆ మేనమామ అబ్బాయి తరఫువాళ్ల దగ్గర రహస్యంగా డబ్బు తీసుకున్నాడని పెళ్లయ్యాక తెలిస్తే? కుర్రాడు నిజంగా బంగారమే అయినా సరే, మేనమామ మాట మళ్లీ ఆ ఇంట్లో చెల్లదు. తప్పు కమీషన్ తీసుకోవడంలో లేదు. దాచడంలో ఉంది.

అఫిలియేట్ లింకూ అంతే. చూసేవాళ్లు వీడియోలో మాట్లాడేవాళ్లని పేరయ్యలా చూడరు. 'మా అక్కలాంటిది', 'మా తమ్ముడు చెప్పినట్టే చెబుతాడు' అనుకుంటారు. రోజూ ఫోన్లో కనిపించే మొహం ఇంట్లో మనిషైపోతుంది. అందుకే చెప్పాల్సిన బాధ్యత ఎక్కువ.

ఇది ఒట్టి నీతి మాత్రమే కాదు, రూలు కూడా. ప్రకటనల రంగం తనకు తానుగా ఏర్పాటు చేసుకున్న మండలి, ఆస్కీ, 2021 జూన్ 14 నుంచి సామాజిక మాధ్యమాల్లో ప్రచారం చేసేవాళ్లకి మార్గదర్శకాలు అమల్లోకి తెచ్చింది. తర్వాత 2023 జనవరి 20న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరింత వివరంగా చెప్పింది. డబ్బు కావచ్చు, ఉచితంగా వచ్చిన వస్తువు కావచ్చు, కమీషన్ కావచ్చు... అమ్మేవారితో ఏ లావాదేవీ ఉన్నా చూసేవారికి కనిపించేలా చెప్పాల్సిందే. పది హ్యాష్‌ట్యాగుల మధ్యలోనో, లింకుల గుంపులోనో దూర్చేస్తే కుదరదు. వీడియో అయితే చూపించాలి, వినిపించాలి కూడా. లైవ్ అయితే చివరిదాకా తెరమీద ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన రూలు ఒకటుంది. ప్రచారం ఏ భాషలో చేస్తే ఆ భాషలోనే ఈ విషయమూ చెప్పాలి! రాయదుర్గం లాంటి ఊరికి ఇది మరీ అవసరం. అక్కడ ఒకే వీధిలో తెలుగూ కన్నడమూ వినిపిస్తాయి. అరగంట తెలుగులో పొగిడి, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఓ ముక్క పెట్టేస్తే చెప్పినట్టు కాదు. తప్పుదారి పట్టించే ప్రచారమని తేలితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాదిపాటు ప్రచారాలు చేయకుండా నిషేధించవచ్చు, మళ్లీ దొరికితే అది మూడేళ్లకు పెరగొచ్చు.

ఇంతా చేసి చెప్పాల్సింది ఎంతని? రెండు వాక్యాలు. 'ఈ లింకు ద్వారా కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది. మీకు ధర పెరగదు.' అంతే! లింకుకు పైన చెప్పాలి, కింద కాదు. నొక్కకముందు తెలియాలి, నొక్కాక కాదు.

లింకుకూ దొంగలున్నారు

లింకు ఇచ్చేవాళ్లు నిజాయతీగా ఉంటే సరిపోదు. వాళ్ల కమీషన్ మీద కన్నేసేవాళ్లూ ఉన్నారు. ఈ దొంగతనం ఎలా జరుగుతుందో తెలియాలంటే ఒక్క సూత్రం గుర్తుంచుకోవాలి. చాలా సంస్థల్లో చివరి క్లిక్కుదే కమీషన్! ఊరి నుంచి మండీ దాకా రైతును వెంటబెట్టుకుని వచ్చింది ఒకరు. గేటు దగ్గర భుజం మీద చెయ్యేసి లోపలికి నడిపించింది ఇంకొకరు. పద్దులో పేరు రెండోవాడిదే పడుతుంది.

మొదటి రకం దొంగలు అసలు ఎవరినీ నడిపించరు. చీటీ మాత్రం జేబులో పడేస్తారు. ఏదో సైటు చూస్తున్నవారి కంప్యూటర్లోకి, వాళ్లు ఏ లింకూ నొక్కకుండానే, తమ కుకీ చొప్పించేస్తారు. ఆ మనిషి తర్వాత ఎప్పుడో తనంతట తాను వెళ్లి కొన్నా కమీషన్ వీళ్లకే! దీన్ని కుకీ స్టఫింగ్ అంటారు. ఈబే సంస్థకు అమ్మకాలు తెచ్చిపెట్టే అఫిలియేట్లలో అందరికంటే ముందున్న షాన్ హోగన్, బ్రయాన్ డన్నింగ్ అనే ఇద్దరు చేసిందిదే. ఈబే 2008లో కోర్టుకెక్కింది. 2010లో అమెరికా ప్రభుత్వం క్రిమినల్ అభియోగాలు మోపింది. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. 2014లో హోగన్‌కు ఐదు నెలలు, డన్నింగ్‌కు 15 నెలలు జైలుశిక్ష పడింది. ఎవరికీ కనిపించని ఓ చీటీ మనిషిని జైలుదాకా తీసుకెళ్లింది!

రెండో రకం గేటు దగ్గర కాచుకుని ఉండే రకం. బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి. వీటిని ఎక్స్‌టెన్షన్లంటారు. 'మీకు కూపన్లు వెతికి పెడతాం, డబ్బు ఆదా చేస్తాం' అంటాయి. డబ్బు కట్టే పేజీ దగ్గరికి రాగానే కూపన్ వెతికే మిషతో తమ చీటీ పెట్టేసుకుంటే, అంతకుముందున్న చీటీ చెల్లకుండా పోతుంది. 2020లో పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్న 'హనీ' మీద సరిగ్గా ఇదే ఆరోపణ వచ్చింది. 2024 డిసెంబరులో ఓ యూట్యూబర్ దీని మీద వీడియో పెట్టడంతో గగ్గోలు పుట్టింది. ఆ హనీకి తమ వీడియోల్లో ప్రచారం చేసిపెట్టిన యూట్యూబర్ల కమీషన్‌కే అది గండి కొట్టిందన్నది అందులోని ఆరోపణ! కొందరు కోర్టుకెళ్లారు. చివరి క్లిక్కు లెక్క ఈ రంగంలో అందరూ పాటించేదేనన్నది పేపాల్ వాదన. ఏమైతేనేం, 2025 మార్చిలో గూగుల్ తన క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు బిగించింది. వాడేవాళ్లకి నేరుగా ప్రయోజనం లేకుండా, వాళ్లు ఏదీ నొక్కకుండా, అఫిలియేట్ లింకు చొప్పించకూడదని తేల్చిచెప్పింది.

మూడో రకం చిల్లర దొంగలు. ఒకరు రెండు రోజులు కష్టపడి రాసిన సమీక్షను కాపీ కొట్టి, లింకు తోకలోని ట్యాగ్ చెరిపేసి తమ ట్యాగ్ పెట్టుకుని టెలిగ్రామ్ గుంపులో వేసేస్తారు. కవరు మీద పేరు కొట్టేసి సొంత పేరు రాసుకున్నట్టు!

తాళం వేయాలి, తలుపు మూసేయకూడదు

మరి కాపాడుకోవడమెలా? చాలామంది మొదట చేసే పని లింకును ముసుగులో పెట్టడం. పొడవాటి లింకును చిన్నది చేసి, అది ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా చేసేస్తారు. ట్యాగ్ కనిపించకపోతే ఎవరూ కొట్టేయలేరని లెక్క. దీన్నే క్లోకింగ్ అంటారు.

ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. సొంత వెబ్‌సైటు ఉన్నవాళ్లు తమ సైటు పేరుతోనే చక్కగా చదవగలిగే చిన్న లింకు తయారుచేసి, అక్కడి నుంచి దుకాణానికి దారి మళ్లించవచ్చు. దుకాణం ఆ వస్తువు పేజీ మార్చేసినా వంద చోట్ల వెతికి సరిదిద్దే పని లేదు, ఒక్కచోట మార్చితే చాలు. ఎన్నిసార్లు నొక్కారో లెక్కా తెలుస్తుంది. తోక బయటికి కనిపించదు కాబట్టి చిల్లర దొంగల పని కష్టమవుతుంది.

కానీ కొనేవారి వైపు నుంచి చూడండి. ఎక్కడికి వెళ్తుందో తెలియని లింకు నొక్కొద్దని బ్యాంకులు, పోలీసులు రోజూ మొత్తుకుంటున్నారు. ముసుగు లింకును చూసి భయపడటం తెలివైనవాళ్ల లక్షణం. అమ్మేవాళ్లకూ నచ్చదు. క్లిక్కు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి వెళ్తోందో తెలియకుండా దాచితే అమెజాన్ ఒప్పుకోదు. ఖాతా మూసేసే అధికారం వాళ్లకుంది. మూశాక రావాల్సిన కమీషనూ ఆగిపోవచ్చు. దొంగల భయంతో తలుపే గోడ కట్టేసుకుంటే ఇంట్లోవాళ్లం వెళ్లేదెలా?

కాబట్టి అసలు రక్షణ ముసుగులో లేదు, జాగ్రత్తలో ఉంది. ఖాతాకు గట్టి పాస్‌వర్డ్ పెట్టుకుని, ఫోనుకు కోడ్ వచ్చేలా రెండంచెల తాళం వేసుకోవాలి. వారానికోసారి తమ లింకులన్నీ నొక్కి అవి సరైన వస్తువుకే వెళ్తున్నాయో లేదో చూసుకోవాలి. స్టాకు అయిపోయిన పేజీకి పంపితే కమీషన్ పోవడమే కాదు, వచ్చినవాళ్లకి విసుగు. క్లిక్కులు మామూలుగా ఉండి కమీషన్ ఒక్కసారిగా పడిపోతే ఎందుకో ఆరా తీయాలి. ఫొటోల మీద, వీడియోల మీద సొంత పేరు వేసుకోవాలి. వెబ్‌సైటు ఉంటే అఫిలియేట్ లింకులకు 'స్పాన్సర్డ్' అనే గుర్తు తగిలించాలి. అది కొనేవారికి కనబడదు. గూగుల్‌కు కనబడుతుంది. 'ఇది డబ్బు ముడిపడ్డ లింకు' అని నిజాయతీగా చెప్పుకోవడానికి 2019 సెప్టెంబరులో గూగుల్ తెచ్చిన ఏర్పాటది.

అన్నిటికంటే పెద్ద తాళం మాత్రం చూసేవాళ్ల చేతుల్లోనే ఉంది. 'ఈ అమ్మాయి చెప్పింది కాబట్టి ఈ అమ్మాయి లింకు నుంచే కొంటాను' అని ఓ మనిషి అనుకున్నాడంటే, ఏ ఎక్స్‌టెన్షన్ అడ్డమొచ్చినా తీసేసి మరీ కొంటాడు. అలా అనుకోవాలంటే కమీషన్ సంగతి ముందే తెలిసుండాలి. తెలియని దాన్ని ఎవరూ కాపాడరు కదా!

లింకు దారి తప్పితే...

దాచిన లింకు ఎంతదాకా వెళ్లగలదో తెలుగువాళ్లు కళ్లారా చూశారు. పందెం యాప్‌లు చేసిందిదే. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టంతో నిషేధించాయి. అయినా వీడియోల కింద, టెలిగ్రామ్ గుంపుల్లో లింకులు ఆగలేదు. ప్యాంటు లింకుకు, పందెం యాప్ లింకుకు పనితీరులో తేడా లేదు. అదే ట్యాగ్, అదే చీటీ, అదే కమీషన్. తేడా అంతా నొక్కినవాడికి ఏం జరుగుతుందన్న దాంట్లోనే ఉంది. ప్యాంటు సరిపోకపోతే వెనక్కి పంపొచ్చు. పందెంలో పోయిన డబ్బును ఎవరికి పంపాలి? 'నేనిలా సంపాదించాను, మీరూ సంపాదించండి' అని నవ్వుతూ చెప్పిన మాట నమ్మి అప్పులపాలైన కుటుంబాలు ఉన్నాయి.

అప్పటికి తెలంగాణ ఆర్టీసీ ఎండీగా ఉన్న ఐపీఎస్ అధికారి వి.సి.సజ్జనార్ సామాజిక మాధ్యమాల్లో దీనిపై గట్టిగా ప్రచారం చేశారు. 2025 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినీనటుల మీద కేసులు నమోదు చేశారు. ఎవరి తప్పెంతో తేల్చాల్సింది కోర్టులే. కానీ ఒక సంగతి మాత్రం అందరికీ అర్థమైంది. లింకు పెట్టినవాడు 'నేను దారి మాత్రమే చూపించాను' అని చేతులు దులుపుకునే రోజులు పోయాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్నే కాదు, వాటి ప్రచారాన్నీ నేరంగా చెప్పింది. ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

రెండు రాయదుర్గాలు

హైదరాబాద్‌లోనూ ఓ రాయదుర్గం ఉంది. చుట్టూ ఐటీ కంపెనీల అద్దాల మేడలు. 2019 నవంబరు 29న మెట్రో రైలు కూడా అక్కడిదాకా వచ్చింది. జీన్స్ కుట్టే రాయదుర్గానికీ దానికీ పేరొకటే. జీతాలు వేరు, జీవితాలు వేరు. కానీ లింకుకు ఈ తేడా తెలియదు. మేడ మీద కూర్చుని పంపినా, కుట్టుమిషన్ పక్కన కూర్చుని పంపినా ట్యాగ్ ట్యాగే. ఒక్కోసారి కుట్టుమిషన్ పక్కన కూర్చున్నవాళ్లదే పైచేయి కూడా. ఎందుకంటే ప్యాంటు గురించి వాళ్లకి నిజంగా తెలుసు.

అలాగని ఉన్న పని మానేసి లింకుల మీద పడాల్సిన పనిలేదు. మొదటి నెలలోనే వేలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అమెజాన్‌లో చేరాక 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు రాకపోతే ఖాతాయే ఉండదు. ఆ మూడింటికే కిందామీదా పడేవాళ్లున్నారు. మన లింకు మనమే నొక్కి కొనుక్కుంటే లెక్కలోకి రాదు. నిలదొక్కుకోవాలంటే ఒకటే దారి. తెలిసిన వస్తువు గురించే చెప్పాలి. బాగోలేనిది బాగోలేదని చెప్పగలగాలి. పది ప్యాంట్లు చూపించి 'ఇందులో ఏడు కొనొద్దు' అని చెప్పేవాళ్ల మాట మీద మిగతా మూడూ అమ్ముడవుతాయి.

వచ్చిన డబ్బుకు పన్ను లెక్క కూడా ఉంటుంది. కమీషన్ మీద మూలంలోనే కోసే పన్నును 2024 అక్టోబరు 1 నుంచి 5 శాతం బదులు 2 శాతం చేశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 20 వేల రూపాయలు దాటితేనే కోస్తారు. ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. కాబట్టి పాన్ కార్డు సరిచూసుకోవడం, వచ్చినదంతా ఓ పుస్తకంలో రాసుకోవడం అలవాటు చేసుకుంటే మంచిది.

ఇంకో హెచ్చరిక. 'ముందు ఐదు వేలు కట్టండి, మరో పదిమందిని చేర్పించండి, లింకు పంపితే చాలు' అనేవాళ్లు కూడా దీన్నే అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. కాదు! అసలైన కార్యక్రమాల్లో చేరడానికి రూపాయి కట్టక్కర్లేదు. వస్తువు అమ్ముడైతేనే కమీషన్, మనుషులు చేరితే కాదు. మనుషుల్ని చేర్పించినందుకు డబ్బిచ్చే గొలుసుకట్టు పథకాలను 1978లోనే చట్టం నిషేధించింది. ఫోన్ మారినంత మాత్రాన మోసం మారిపోదు.

లింకు నొక్కే ముందు...

* చెప్పేవారికి కమీషన్ వస్తుందా అన్నది ముందు చూడండి. వస్తుందని చెబితే భయపడక్కర్లేదు. చెప్పకపోతేనే ఆలోచించాలి.

* లింకు మీద కాసేపు వేలు నొక్కిపెట్టి ఉంచితే చాలా ఫోన్లలో అది ఎక్కడికి వెళ్తుందో కనిపిస్తుంది. తెలిసిన దుకాణం పేరు సరైన అక్షరాలతో ఉందో లేదో చూడండి.

* 'ఇంకా పది నిమిషాలే' అని తొందరపెట్టే లింకులకు పది నిమిషాలు ఆగి సమాధానం చెప్పండి. ధర మరో చోట కూడా చూసుకోండి.

* లింకు నొక్కాక ఓటీపీ అడిగినా, తెలియని యాప్ దించుకోమన్నా అక్కడితో ఆపేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

* అవసరం లేని కూపన్ ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. మీరేం కొంటున్నారో అన్నీ వాటికి కనిపిస్తాయి.

* ఎవరి సలహా అయినా నిజంగా ఉపయోగపడిందనిపిస్తే వాళ్ల లింకు నుంచే కొనండి. మీకు రూపాయి ఎక్కువ పడదు, వాళ్ల శ్రమకు ఫలితం దక్కుతుంది.

లింకు ఇచ్చే ముందు...

* కమీషన్ మాట లింకుకు పైనే, మీరు మాట్లాడే భాషలోనే, పెద్ద అక్షరాల్లో రాయండి. వీడియోలో నోటితో కూడా చెప్పండి.

* వాడని వస్తువును వాడినట్టు చెప్పకండి. ఉచితంగా వచ్చిన వస్తువైతే ఆ సంగతీ చెప్పండి.

* ప్రతి సంస్థ నిబంధనలూ ఒకసారి పూర్తిగా చదవండి. ఒకచోట చెల్లేది మరోచోట చెల్లదు.

* అప్పు యాప్‌లు, పందెం యాప్‌లు, 'డబ్బు రెట్టింపు' పథకాలు... కమీషన్ ఎంత ఎక్కువిస్తామంటే అంత దూరంగా ఉండండి.

రాయదుర్గంలో ప్యాంటు కుట్టాక లోపలివైపు తిప్పి చూస్తారు. పైకి ఎంత నిగనిగలాడినా కుట్టు గట్టిగా ఉందో లేదో లోపలే తెలుస్తుంది. లింకుకూ అదే పరీక్ష. తిప్పి చూపించడానికి భయం లేనివాళ్ల సరుకే నాలుగు కాలాలు మన్నుతుంది.